రాగలనో లేదో

డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీకి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు వచ్చాడు. జాంబవంతుడు హనుమంతుణ్ణి లేపిన కథ చెప్పి, అందర్నీ లేచి నిలబడమని, పిడికిళ్లు బిగించి ‘నేను చేయగలను’ అని పదిసార్లు అరవమన్నాడు. హాలు దద్దరిల్లింది. బయటికొచ్చి టీ తాగుతుంటే పక్కనున్న మిత్రుడు మెల్లగా అడిగాడు: ‘ఇంతకీ ఏం చేయగలంరా మనం?’ నా దగ్గర జవాబు లేదు.

చాన్నాళ్ల తర్వాత వాల్మీకి రామాయణంలో ఆ ఘట్టం చదువుతుంటే వాడి ప్రశ్న గుర్తొచ్చింది. ఎందుకంటే, అక్కడ వానరులు ఒకరినొకరు అడుగుతున్నది సరిగ్గా అదే.

కిష్కింధకాండ 65వ సర్గ. సీతను వెతకడానికి సుగ్రీవుడు పెట్టిన నెల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఉత్త చేతులతో వెళితే ప్రాణాలు దక్కవు. ఎదురుగా సముద్రం, అవతల నూరు యోజనాల దూరంలో లంక. ఎవరెంత దూరం దూకగలరో చెప్పమన్నాడు అంగదుడు. గజుడు 10 యోజనాలన్నాడు. గవాక్షుడు 20. గంధమాదనుడు 50, మైందుడు 60, ద్వివిదుడు 70, సుషేణుడు 80. మెడ మీద కత్తి వేలాడుతున్నా ఒక్కడూ ఒక్క యోజనం కలిపి చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు త్రివిక్రముడికి ప్రదక్షిణం చేసిన జాంబవంతుడు కూడా, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, 90 దాటి వెళ్లలేనన్నాడు. పాత గొప్పను ఈనాటి లెక్కలో కలపలేదాయన. మనలో ఎంతమందికి చేతనవుతుందది?

ఆఖర్న అంగదుడి వంతు. యువరాజు, వాలి కొడుకు, అందరికీ నాయకుడు. నూరూ వెళ్లగలను, తిరిగి రాగలనో లేదో మాత్రం చెప్పలేనన్నాడు. రామాయణం మొత్తంలో ఆత్మవిశ్వాసానికి ఉదాహరణ చూపించమంటే నేను ఈ మాటే చూపిస్తాను. ఇందులో పిరికితనం లేదు, డంబం లేదు. తనకు ఎంతవరకు తెలుసో, ఎక్కడి నుంచి తెలియదో ఆ గీత స్పష్టంగా గీశాడు. జాంబవంతుడేమో నువ్వు లక్ష యోజనాలైనా వెళ్లి రాగలవని పొగిడాడనుకోండి. పెద్దమనిషి కదా, కుర్రవాణ్ణి చిన్నబుచ్చలేడు. అయినా నాయకుణ్ణి పంపకూడదని ఆపేశాడు.

ఇక హనుమంతుడు. ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆశ్రమాల్లో యజ్ఞపాత్రలు విరగ్గొట్టి, నారచీరలు చించి ఆగడం చేస్తే, ఎవరైనా గుర్తుచేసేదాకా నీ బలం నీకు తెలియకుండు గాక అని ఋషులు శపించారని ఉత్తరకాండ చెబుతుంది. అలాంటివాడితో జాంబవంతుడు నువ్వు ఏమైనా చేయగలవని ఊరికే అనలేదు. జరిగినవి చెప్పాడు. నీ తల్లి అంజన, నువ్వు వాయుపుత్రుడివి. పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని 300 యోజనాలు పైకెగిరావు. ఇంద్రుడి వజ్రం తగిలి ఎడమ దవడ విరిగింది, అందుకే హనుమంతుడనే పేరొచ్చింది. ఏ ఆయుధమూ నిన్ను చంపలేదని బ్రహ్మ వరమిచ్చాడు. ఇందులో పొగడ్త కంటే వివరమే ఎక్కువ. పసివాడిగా 300 ఎగిరినవాడికి 100 ఎంత? హనుమంతుడు ఒళ్లు పెంచి లేచింది ఆ లెక్క తెలిశాకే. మా కాలేజీలో మాచేత అరిపించినది ఇది కాదు.

మన ఉపన్యాసకులు సాధారణంగా ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొట్టిస్తారు. కానీ లంకలో దిగిన తర్వాత హనుమంతుడు ఎలా ఉన్నాడో చూడాలి. రావణుడి అంతఃపురంలో మండోదరిని చూసి సీత అనుకున్నాడు. జబ్బలు చరుచుకున్నాడు, తోకను ముద్దు పెట్టుకున్నాడు, స్తంభాలెక్కి దూకాడు. వాల్మీకి ఏమాత్రం దాచకుండా ఇది కోతి స్వభావమేనన్నాడు. మరుక్షణం హనుమంతుడే తనను తాను పట్టుకున్నాడు: రాముడికి దూరమైన సీత ఇలా అలంకరించుకుని నిద్రపోతుందా? కాదు, ఈమె వేరెవరో. ఆ వెంటనే ఇంకో శంక. నిద్రపోతున్న పరస్త్రీలను చూశానే, తప్పు చేశానా? మనసును తడిమి చూసుకున్నాడు. అది చెదరలేదు. పైగా స్త్రీని స్త్రీల మధ్య వెతకాలి గానీ లేళ్ల మంద మధ్య వెతుకుతామా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

లంకంతా గాలించినా సీత కనబడకపోయేసరికి మహాబలుడు కుప్పకూలాడు. వట్టి చేతులతో వెళితే రాముడు బతకడు, ఆ వెనకే లక్ష్మణుడు, భరతుడు అంటూ వరసగా చావులే ఊహించుకున్నాడు. తానూ చచ్చిపోతే పోలా అనుకున్నాడు. ఆ గోతిలోంచి అతన్ని లేపిన ఆలోచన చాలా మామూలుది: బతికుంటే మేలు చూడొచ్చు, పైగా ఇంకా వెతకని చోటు ఒకటుంది, ఆ అశోకవనం. ఉద్యోగం రాక, పరీక్ష పోయి గది తలుపులేసుకున్న పిల్లలకు ఉపన్యాసం కంటే ఈ సర్గ ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. బలవంతుడికీ ఇలాంటి రాత్రి వస్తుందని తెలియడమే సగం మందు.

లంకను కాల్చాక మళ్లీ గుండె గుభేలుమంది. కోపంలో సీతను కూడా కాల్చేశానేమోనని తనను తాను తిట్టుకున్నాడు. ఆమె క్షేమమని చారణులు అనుకుంటుంటే విని గానీ కుదుటపడలేదు.

ఇంత అనుమానించుకునేవాడు సీతమ్మ ముందు ఏమన్నాడో తెలుసా? మిగతా వానరులు సముద్రం ఎలా దాటుతారని ఆవిడ సందేహపడితే, సుగ్రీవుడి దగ్గర నాకు సమానులున్నారు, నన్ను మించినవాళ్లున్నారు, నాకంటే తక్కువవాడు లేడన్నాడు. అది పూర్తిగా నిజం కాదని సముద్రం ఒడ్డున యోజనాల లెక్క విన్నవాడికి తెలుసు. అయినా ఆ మాట అనడానికి అతనికేమీ ఇబ్బంది కలగలేదు.

సుందరకాండ పారాయణ చేసే ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. ఉన్నవి 68 సర్గలు. ఫలశ్రుతి కోసం గబగబా పూర్తి చేసినా ఫరవాలేదు గానీ, హనుమంతుడు తనను తాను అనుమానించుకున్న 11, 13, 55 సర్గల దగ్గర ఈసారి కాసేపు ఆగండి. పక్కన పిల్లలుంటే అర్థం కూడా చెప్పండి.