అంతరంగమును శోధించు వెలుగు

ధ్యానభాగము: కీర్తనలు 139:19–24



గుండెకు రక్తము నందించు నాళము ఇరుకైనప్పుడు వైద్యులు దానిలో స్టెంటు అను సన్నని జాలిగొట్టము నుంచి దారిని తెరచి నిలుపుదురు. లోహపు స్టెంటు జీవితాంతము అచ్చటనే యుండును. నాళము మానిన తరువాత కరిగిపోవు స్టెంటులను గూడ తయారుచేసిరి. వాటిలో అబ్సార్బ్ అనునది పాలీలాక్టిక్ ఆమ్లముతో చేయబడినది. అది సుమారు 3 సంవత్సరములలో కరిగిపోవును.

అయితే ఇందులో ఒక చిక్కు గలదు. ఎక్స్‌రే యాంజియోగ్రాములో ఈ స్టెంటు కనబడదు. ఇరుకొనల నున్న ప్లాటినపు చుక్కలు మాత్రమే కనబడును. రక్తము చక్కగా పారుచున్నట్లే తోచును. అయినను నడుమ ఒక కడ్డీ గోడకు ఆనక ఎడముగా నిలిచియుండవచ్చును. అచ్చట రక్తము గడ్డకట్టు అపాయము గలదు. లోహపు స్టెంటులకంటె అబ్సార్బ్‌లో ఇట్టి గడ్డలు ఎక్కువని పరిశోధనలలో తేలెను. 2016లో అమెరికాలో అనుమతి పొందిన దాని విక్రయము 2017లోనే నిలిచిపోయెను.

కడ్డీలను చూచుటకు వెలుగు నాళము లోపలికే పోవలెను. ఓ.సి.టి. అను పరీక్షలో సన్నని గొట్టమును లోనికి పంపి, పరారుణ కాంతితో గోడలను చిత్రించుదురు. మిల్లీమీటరులో 50వ వంతు వివరము సహితము తెలియును. కాని రక్తము ఆ వెలుగును అడ్డగించును గనుక, కొన్ని క్షణములు దానిని కాంట్రాస్టు ద్రవముతో ప్రక్కకు నెట్టవలెను.

ప్రియులారా, మన సంగతి ఏమి? బాప్తిస్మపు దినము ఒక కొన, గత ఆదివారపు ఆరాధన మరియొక కొన. ఈ రెండు చుక్కలను చూచి అంతయు క్షేమమనుకొందుము. నడుమ మాటలు మానివేసిన తోబుట్టువు, తీర్చని బాకీ, దాచిన అసూయ ఎవరికి కనబడును? దావీదు మొదట శత్రువులను గూర్చి మొరపెట్టెను. అటుపిమ్మట తన హృదయమునే శోధింపుమని దేవుని వేడుకొనెను. మనము మొదటి ప్రార్థన యొద్దనే ఆగిపోవుచున్నాము.

ఆ వెలుగుకు భయపడకుడి. వైద్యుడు ఎడముగా నున్న కడ్డీని చూచుట రోగిని నిందించుటకు కాదు, బెలూనుతో దానిని గోడకు ఆనించుటకే. నేటి రాత్రి పనుల ప్రవాహమును కొంతసేపు ఆపి, మౌనముగా ఆయన సన్నిధిని కూర్చుండుడి. ఆయన చూపిన దానిని రేపటికి వాయిదా వేయకుడి.

ప్రార్థన: ప్రభువా, మనుష్యులకు కనబడని చోట నన్ను చూచి బాగుచేయుము. ఆమేన్.