ఎవరి కోసమీ అందం?

చీకటి గదిలో వేసిన ముగ్గు ముగ్గేనా? ఎవరూ చూడని అందాన్ని అందమనొచ్చా? బి.ఏ.లో ఫిలాసఫీ చదివిన రోజుల నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు వెతికితే మా సముద్రంలోనే దొరికింది.

ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు అంటూ పెద్దవాటికే పేరున్న గాజువాకలో ఇంత చిన్నవాటి సంగతి ఎత్తితే నవ్వుతారేమో! సముద్రపు నీళ్లలో డయాటమ్‌లని సూక్ష్మమైన నాచు జీవులున్నాయి. ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం. చాలా రకాలు వెంట్రుక మందం కూడా ఉండవు. నీళ్లలో కరిగిన సిలికాను తీసుకుని, తమ చుట్టూ గాజుపెట్టె కట్టుకుంటాయి, అడుగూ మూతా ఉన్న కుంకుమభరిణెలా. దాని నిండా వరస తప్పని సన్నని చిల్లులు. కొన్ని చక్రాలు, కొన్ని పడవలు, కొన్ని నక్షత్రాలు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హేకెల్ 1904లో పూర్తిచేసిన చిత్రాల పుస్తకంలో వీటిని చూస్తే మన ధనుర్మాసపు ముగ్గులు జ్ఞాపకం రాకమానవు.

ఆ చిల్లులు మన కళ్ల కోసం పెట్టినవి కావు. జీవికి కావలసినవి లోపలికి, అక్కర్లేనివి బయటికి వెళ్లే దారులవి. మైక్రోస్కోపు పుట్టకముందు కోట్ల ఏళ్లుగా ఆ పనితనం సాగుతూనే ఉంది.

"అవి పోతే మనకేం?" అంటారా? భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం వాటి చలవే. నిజమే గాని, ఈ జవాబు నాకెందుకో చాలదు. వండిపెడుతుంది గనుకే ఇల్లాలికి విలువ అన్నట్టుంది. ఉపకారం ఆగిననాడు గౌరవమూ ఆగిపోవాలా?

మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే విశాఖ హార్బరులో మురుగు ఎక్కువైనచోట స్కెలెటోనిమా అనే ఒక్క రకం డయాటమే విపరీతంగా పెరగడం ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. సంక్రాంతినాడు వీధి వీధంతా ఒకటే ముగ్గు వేసినట్టన్నమాట. తగ్గిపోయిన రకాల కోసం బాధపడేవాళ్లెవరు? అవి ఉన్నాయని తెలిస్తే కదా!

కనిపించేవాటిపట్ల మర్యాదగా ఉండడం పెద్ద విశేషం కాదు. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనన్న భయమైనా ఉంటుంది. కాలవలో మడ్డినూనె ఒంపేటప్పుడు మాత్రం ఎవరూ చూడ్డంలేదనుకుంటాం. నిజమే, వాటికి కళ్లు లేవు. అందుకే మనమే చూసుకోవాలి.