కోతకూలి దగ్గర బేరం

చిరంజీవి కార్తీక్‌కు,

 నీ ఉత్తరం అందింది. సియాటెల్ మేరినర్స్ బేస్‌బాల్ జట్టు యాజమాన్యం మీద నీకున్న కోపమంతా అందులో ఉంది. 2025 అక్టోబర్ 20న టొరంటోలో, వరల్డ్ సిరీస్‌కు చేర్చే సిరీస్‌లో ఏడో ఆట. 3-1తో ముందున్న జట్టు ఏడో ఇన్నింగ్స్‌లో జార్జ్ స్ప్రింగర్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో వెనకపడి 4-3తో ఓడింది. 1977లో పుట్టిన జట్టు ఇప్పటికీ వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 30 జట్లలో ఆ గడప తొక్కనిది ఇదొక్కటే. ఇంత దగ్గరకు వచ్చాక కూడా ఈ చలికాలం చెయ్యి బిగబట్టే ఖర్చు పెడుతున్నారని నీ బాధ. జాష్ నేలర్‌ని ఐదేళ్ళకు 9.25 కోట్ల డాలర్లిచ్చి నిలుపుకున్నారు. డెట్రాయిట్ మీద 15 ఇన్నింగ్స్ సాగిన ఆటను గెలిపించిన హోర్హే పొలాంకోని మాత్రం న్యూయార్క్ మెట్స్‌కి వదిలేశారు. నీ కోపంలో సగం న్యాయమైనది, ఆ సగాన్ని నేనూ సమర్థిస్తాను. మిగతా సగం నిన్ను లోపల్నించి తినేస్తోంది. ఆ రెండింటినీ విడదీసి చూపించడానికే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు యాజమాన్యం పక్షాన చెప్పాల్సింది చెబుతాను. ఎదుటివాడి వాదనలోని బలం ఒప్పుకోని కోపం ఎంతో దూరం నిలవదు. మన ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఒకటే పరిమితి. 2025 వేలానికి ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయలు. కాబట్టి ఇక్కడి అభిమాని సరైనవాణ్ణి కొనలేదని తిడతాడే గాని, డబ్బే తియ్యలేదని తిట్టే సందర్భం తక్కువ. బేస్‌బాల్‌లో అలాంటి కట్టడి లేదు. 2025లో 24.1 కోట్ల డాలర్ల దగ్గర ఒక గీత గీశారు, దాటినవాళ్ళు అదనంగా పన్ను కట్టుకుంటారు. డాడ్జర్స్ జట్టు షోహె ఒహ్‌టానికి పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు ఒప్పుకుని, అందులో 68 కోట్లు ఆ తర్వాతి ఏళ్ళలో ఇచ్చేలా రాసుకుని, 2024, 2025లో వరసగా కప్పు గెలిచింది. అది చూశాక ప్రతి ఊరి అభిమానికీ తన జట్టు పిసినారిగానే కనిపిస్తుంది. అయితే ఆటగాడు పెద్ద లీగ్‌లో ఆరేళ్ళు నిండితే గాని ఏ జట్టుతోనైనా బేరమాడగల ఫ్రీ ఏజెంట్ కాడు. అప్పటికి చాలామందికి ముప్పై దగ్గర పడుతుంది. జట్టు చూసేది అతని గడిచిన ఆట, డబ్బిచ్చేది రాబోయే ఆటకి. మేరినర్స్ 2013 డిసెంబర్‌లో 31 ఏళ్ళ రాబిన్సన్ కనోకి పదేళ్ళకు 24 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. అతను ఉన్నన్నాళ్ళూ ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు, ఐదు సీజన్లకే అతన్ని మెట్స్‌కి పంపేశారు. అదే మెట్స్ 2023లో 35 కోట్ల డాలర్లకు పైగా జీతాలు పోసి 75 ఆటలే గెలిచింది. ట్రౌట్, ఒహ్‌టాని ఇద్దరూ ఉండగా ఏంజెల్స్ ఆంథొనీ రెండన్‌కి ఏడేళ్ళకు 24.5 కోట్లు రాసిచ్చింది. ట్రౌట్, ఒహ్‌టాని కలిసి ఆడిన ఆరు సీజన్లలో ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు. ఇటు చూస్తే, మేరినర్స్‌కి బలమైన పిచర్లు లోగన్ గిల్బర్ట్, జార్జ్ కర్బీ, బ్రయన్ వూ ముగ్గురూ డ్రాఫ్ట్‌లో ఎంచుకుని సొంత ఇంట్లో తయారుచేసుకున్నవాళ్ళే. 2025లో 60 హోమ్ రన్లు కొట్టి క్యాచర్లలో ఎవరూ చేరని ఎత్తుకు చేరిన కాల్ రాలీ 2018 డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో వచ్చినవాడు. ఓపికకు ఫలం ఉందని ఈ జట్టే చూపించింది.

మరి ఆ జాగ్రత్త ఎక్కడ తప్పయింది? చేను దున్ని, నారు పోసి, ఎరువేసి, పంట పండాక కోతకూలి దగ్గర బేరమాడుతూ కూర్చుని, ఆలోగా వాన కురిసి పంటంతా నీళ్ళపాలైతే ఆ రైతుని మన గోదావరి జిల్లాల్లో జాగ్రత్తపరుడని ఎవరూ అనరు. మేరినర్స్ చేసింది అదే. 2021లో 90 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కి రెండు ఆటల దూరంలో ఆగారు. 2022లో 21 ఏళ్ళ నిరీక్షణ ముగిసి ప్లేఆఫ్స్ చేరారు. 2023లో 88 గెలిచి ఒక్క ఆట తేడాతో బయట మిగిలారు. ఆ సీజన్ ముగిశాక జట్టు వ్యవహారాలు చూసే జెర్రీ డిపోటో, పదేళ్ళ పాటు 54 శాతం ఆటలు గెలుస్తూ పోతే వరల్డ్ సిరీస్ దానంతటదే వస్తుందన్న అర్థంలో మాట్లాడాడు, ఆ మాట్లాడిన తీరుకు తర్వాత క్షమాపణా చెప్పాడు. మాటతీరు వదిలెయ్, ఆ లెక్కే చూడు. 162 ఆటల్లో 88 అంటే 54 శాతం పైచిలుకే. చెప్పిన లక్ష్యం చేరారు, గుమ్మం బయటే నిలబడ్డారు. ఆ చలికాలం చేసిందేమిటి? యుహేనియో సువారెజ్‌ని అరిజోనాకి పంపారు, తియోస్కార్ హెర్నాండెజ్‌ని వదిలేశారు, జీతాల బరువు దించుకోవడానికి మరి ముగ్గుర్ని అట్లాంటాకి పంపించారు. తియోస్కార్ మరుసటి ఏడే డాడ్జర్స్‌తో కప్పు ఎత్తాడు. మేరినర్స్ 2024లో మళ్ళీ ఒక్క ఆట తేడాతోనే ఆగిపోయారు. 2025 జూలైలో అదే సువారెజ్‌ని యువ ఆటగాళ్ళను ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. అక్టోబర్‌లో టొరంటో మీద ఐదో ఆటను గ్రాండ్ స్లామ్‌తో గెలిపించింది అతనే. వదులుకున్నప్పుడు మిగిలిన జీతం కంటే తిరిగి తెచ్చుకున్నప్పుడు ఇచ్చుకున్నది చిన్నదని నేను అనుకోను.

డబ్బుతో గెలుపు కొనలేమని నీకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కప్పు కొనలేమన్నది నిజమే. కనో కథ, మెట్స్ కథ అందుకు సాక్ష్యాలు. డబ్బుతో కొనగలిగేది ఒకటో రెండో ఆటలు. 70 ఆటలు గెలిచే జట్టుకు ఆ రెండు ఆటలు దండగ. 88 గెలిచే జట్టుకు ఆ రెండే సర్వస్వం. మేరినర్స్ ఆడే డివిజన్‌లోనే టెక్సాస్ రేంజర్స్ 2021లో 60 ఆటలే గెలిచి, కోరీ సీగర్‌కి 32.5 కోట్లు, మార్కస్ సెమియన్‌కి 17.5 కోట్లు పెట్టి, 2023లో కప్పు గెలిచింది. ఆ ఏడు వాళ్ళకీ మేరినర్స్‌కీ మధ్య తేడా రెండే ఆటలు. కాబట్టి నువ్వు అడగాల్సింది ఎంత ఖర్చు పెట్టారని కాదు, ఎప్పుడు పెట్టారని. హూలియో రోడ్రిగెజ్‌కి దాదాపు 21 కోట్లు, రాలీకి 10.5 కోట్లు, ఇప్పుడు నేలర్‌కి 9.25 కోట్లు ఒప్పుకున్నవాళ్ళను ఉట్టి పిసినారులనడం అన్యాయం. పంట చేతికొచ్చిన 2023లో చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్ళని మాత్రం తప్పకుండా అను.

సొంత వ్యాపారం, సొంత డబ్బు, నువ్వెవరివి అడగడానికి అంటారు ఇంకొందరు. ఆ మాట ఏ కిరాణా కొట్టుకైనా చెల్లుతుంది గాని ఈ జట్టుకు చెల్లదు. 1995లో స్టేడియం పన్నును కింగ్ కౌంటీ ఓటర్లు స్వల్ప తేడాతో తిరస్కరించాక, రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై వేరే పన్నులతో దారి చూపింది. 1999లో తెరిచిన ఆ స్టేడియానికి 50 కోట్ల డాలర్లకు పైగా అయితే, అందులో ఎక్కువ భాగం జనం కట్టిందే. 2018లో దాని మరమ్మతులకు కౌంటీ హోటల్ పన్నుల నుంచి మరో 13.5 కోట్లు కేటాయించింది. పోటీని అడ్డుకునే గుత్తాధిపత్యాన్ని నిరోధించే చట్టాల నుంచి బేస్‌బాల్‌కు మినహాయింపునిచ్చిన సుప్రీంకోర్టు తీర్పు 1922 నాటిది. ఇన్ని రాయితీలు పొందినవాళ్ళని ప్రశ్నించే హక్కు పన్ను కట్టేవాళ్ళకు ఉంటుంది. టీవీ ఆదాయం పడిపోయిందన్న వాదనలో నిజం ఉంది. 2023 మార్చిలో డైమండ్ స్పోర్ట్స్ గ్రూప్ దివాలా తీశాక చాలా జట్ల ఆదాయం కుదేలైంది. కానీ 1992లో పది పన్నెండు కోట్ల డాలర్లకు చేతులు మారిన ఈ జట్టు 2016లో 140 కోట్ల విలువ పలికింది. ఈ లీగ్‌లో స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ చేతిలోని అట్లాంటా లాంటి జట్టు తప్ప ఎవరూ పద్దులు బయటపెట్టరు. పద్దు చూపించనివాళ్ళు తమ నష్టానికి మనల్ని జాలిపడమని అడగకూడదు. నీ కోపంలో న్యాయమైన సగం ఇంతవరకే.

మిగతా సగానికి వస్తాను. మా కుర్రతనంలో క్రికెట్ అంటే రేడియోలో వచ్చే కామెంటరీ, మర్నాటి పేపర్లో స్కోరు. ఆటగాళ్ళు ఏ బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళు. 1986-87లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు ఎవరి జీతం ఎంతని ఎవరికీ పట్టలేదు. ఆ ఆటగాళ్ళకు దక్కాల్సింది దక్కలేదన్నదీ నిజమే, అందుకే ఆ రోజులు తిరిగి రావాలని కోరను. ఇప్పుడు మాత్రం ఆట నవంబర్‌లో అయిపోదు. చలికాలం పొడవునా ఎవరు ఎవర్ని కొంటారన్న పుకార్లే ఆటగా నడుస్తున్నాయి. కుర్రాళ్ళు ఆటగాడి స్వింగ్ గురించి మాట్లాడటం తగ్గించి, అతని ఒప్పందంలో ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయో చెబుతున్నారు. ఫోను అర్ధరాత్రి మోగుతుంది, లేచి చూస్తే ఎవరో ఎక్కడో సంతకం పెట్టి ఉంటారు. ఇలా ఏళ్ళ తరబడి ఇంకొకరి జేబు మీదే చూపు పెట్టుకుంటే, మనిషికి ఒక పాడు అలవాటు పట్టుకుంటుంది. ఎవరు ఎంత తీస్తే అంత ప్రేమ, తియ్యకపోతే ప్రేమ లేదు అని ప్రతి బంధాన్నీ కొలవడం మొదలవుతుంది.

ఆ కొలత మన కుటుంబం దగ్గర ఎంత వసూలు చేసిందో నీకు తెలుసు. 1996 నవంబర్ తుఫాను కోనసీమ కొబ్బరిని పడగొట్టాక మీ తాతయ్య చేతి నుంచి రూపాయి రావడం ఎంత కష్టమైందో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ బిగువే మీ నాన్నకీ వచ్చింది. ఆ బిగువుని ప్రేమ లేకపోవడంగా లెక్కగట్టి, ఒకరి సంచి ఒకరు లెక్కపెట్టుకుని, మన రెండిళ్ళ మధ్య మాటలు ఎన్నాళ్ళు ఆగిపోయాయో, ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో అందరికీ గుర్తే. ఎవరిది తప్పని ఇప్పుడు తేల్చబోను. పోయిన ఏళ్ళు ఎవరి ఖాతాలోనూ తిరిగి జమ కాలేదు, అంతే. నీ ఉత్తరంలో యజమానుల గురించి రాసిన కొన్ని వాక్యాలు యజమానుల గురించి కావని నాకు తోచింది. వ్యాపారిని లెక్క అడగాలి, అతని దగ్గర ప్రేమ ఆశించకూడదు. అయినవాళ్ళ దగ్గర ప్రేమ చూడాలి, లెక్క అడగకూడదు. నువ్వు ఈ రెండూ తారుమారు చేసుకుంటున్నావు. మేరినర్స్ యజమానుల్లో ముఖ్యుడైన జాన్ స్టాంటన్ నిన్ను మోసం చేసిన ఆత్మీయుడైనట్టు ఏడుస్తున్నావు, ఆత్మీయుల దగ్గరేమో ఆడిటర్‌లా కూర్చుంటున్నావు.

ఇంత లెక్కగా ఉంటే అది అభిమానమే కాదని నువ్వంటావేమో. అభిమానం పెట్టుకో, పెట్టాల్సిన చోట పెట్టు. 1987 నుంచి 2004 వరకూ ఇంకో జట్టు చొక్కా తొడగని ఎడ్గార్ మార్టినెజ్ ఉన్నాడు. రాలీ ఉన్నాడు. ఆ స్టేడియంలో నీ పక్కన కూర్చునే జనం ఉన్నారు. వాళ్ళను ప్రేమించడానికి యజమాని సంతకం అక్కర్లేదు.

ఇక చెయ్యాల్సింది చెబుతాను. మొత్తం సీజన్ టికెట్ ఈ ఏడు మళ్ళీ కొనకు, నువ్వు వెళ్ళగలిగిన ఆటలకే విడిగా కొనుక్కో. ఎందుకు మానేశావో జట్టుకు మర్యాదగా రాసి పంపు, వాళ్ళకు అర్థమయ్యే భాష టికెట్ డబ్బే. స్టేడియానికి ప్రజల డబ్బు మళ్ళీ అడిగినప్పుడు కౌంటీ వాళ్ళకు పద్దులు చూపమని రాయి. సీజన్ మధ్యలో వచ్చే ట్రేడ్ గడువు దాకా తీర్పు చెప్పకు. అప్పటికి జట్టు ముందువరసలో ఉండి కూడా చెయ్యి ముడుచుకుంటే, అప్పుడు నీ కోపానికి నేనూ తోడొస్తాను. రాత్రి పదిన్నరకి ఫోను పక్క గదిలో పెట్టి పడుకో. నువ్వు కొనాలనుకుంటున్న ఇంటి డౌన్‌పేమెంట్‌కి డబ్బు మాట మీ నాన్న దగ్గర మళ్ళీ ఎత్తకు. ఆయన ఇవ్వగలిగితే ఇస్తాడు, లేకపోతే ఇంకో రెండేళ్ళు అద్దెకుండు, కొంపేమీ మునగదు. వచ్చే ఆదివారం ఆయనకి నువ్వే ఫోన్ చెయ్యి. డబ్బు సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న