సౌలు కిరీటం తెచ్చినవాడు

పంజాగుట్ట,
శనివారం రాత్రి.

అల్లుడూ,

సంగతి సగం మీ అమ్మ చెప్పింది, మిగతా సగం నిన్న ఫోన్లో నువ్వే చెప్పావు. ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచ్‌లన్నీ నీకే ఇచ్చి, బయట బోర్డు మీద నీ పేరు వేయిస్తామన్నారట. సంతోషం. కాకపోతే ఇప్పుడు ఆ బోర్డు మీదున్నది నీకు పాఠం చెప్పిన సార్ పేరు. ఆయన మేనేజ్‌మెంట్‌ని విసుక్కుంటూ అన్న మాటలు ఎవరో జూనియర్ కుర్రాడు రికార్డు చేసి నీకు వాట్సాప్‌లో పంపాడు. "అన్నా, ఇది పైకి పంపితే చాలు, సీటు నీదే" అన్నాడు. నువ్వు దాన్ని పైకి పంపలేదు, అలాగని తీసెయ్యనూ లేదు. పైగా నన్నడిగావు: "రికార్డు చేసింది నేను కాదు గదా మామయ్యా, ఇందులో నా తప్పేముంది?"

దీనికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్తే సరిపోదు. అందుకే కాగితం తీశాను.

అమీర్‌పేట్‌లో పేరుకి ఉన్న విలువ నీకు నేను చెప్పక్కర్లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఒక్కో బిల్డింగ్‌కి పైనుంచి కిందిదాకా ఫ్లెక్సీలే. కోర్సు పేరు కంటే ఫ్యాకల్టీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. మెట్రో దిగి నాలుగడుగులు వేసేలోపు చేతిలో పాంప్లెట్ పడుతుంది, "ఫ్రీ డెమో సార్, రండి" అని మెట్లదాకా వెంటబడతారు. ఊళ్లో అప్పు చేసి వచ్చి హాస్టల్లో నలుగురితో గది పంచుకునే పిల్లాడు ఆ పేరు చూసే ఫీజు కడతాడు. అంత గిరాకీ ఉన్న చోట ఒకరి పేరు దించి తన పేరు ఎక్కించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది వింతేమీ కాదు.

ఇలాంటి చోట నాకు దావీదు గుర్తొస్తాడు. దావీదు అనగానే సండే స్కూల్లో చదివినవాళ్లందరికీ వడిసెల, ఐదు నున్నని రాళ్లు గుర్తొస్తాయి. నన్నడిగితే గొల్యాతు సులువైన పరీక్ష. వాడు ఎదురుగా నిలబడి కేకలేసే శత్రువు, ఎవరిని కొట్టాలో తెలుసు. కష్టమైన పరీక్ష తర్వాత వచ్చింది. చేతిలో బహుమానం పట్టుకుని, "ఇదిగో, నీకోసమే తెచ్చా" అంటూ మనవాడిలా వచ్చినవాడి రూపంలో వచ్చింది. సమూయేలు రెండో గ్రంథం మొదటి ఐదు అధ్యాయాలు ఒకసారి కూర్చుని చదువు. గొర్రెలకాపరి రాజైన కథ అది. అందులో ఇలాంటి మనుషులు ముమ్మారు కనిపిస్తారు.

మొదటివాడు అమాలేకీయుడు. గిల్బోవ కొండ మీద ఇశ్రాయేలు రాజు సౌలు చచ్చాడు. దావీదు అప్పటికి ఎన్నో ఏళ్లుగా అతని ఈటెకు దొరక్కుండా పరిగెత్తి పరిగెత్తి, చివరికి ఫిలిష్తీయుల నీడలో సిక్లగులో తలదాచుకుంటున్నాడు. ఈ అమాలేకీయుడు బట్టలు చింపుకుని, తలమీద దుమ్ము పోసుకుని అక్కడికొచ్చి సాష్టాంగపడ్డాడు. సౌలును నేనే చంపానన్నాడు. చేతిలో సౌలు కిరీటం, కంకణం. నిజానికి ముందు గ్రంథం ఆఖరి అధ్యాయం చూస్తే సౌలు తన కత్తి మీద తనే పడ్డాడు. అంటే వీడు చెయ్యని హత్యను కూడా తన ఖాతాలో వేసుకున్నాడన్నమాట. కొత్త రాజు దగ్గర మంచి రేటు పలుకుతుందని లెక్కేసుకున్నాడు.

ఆ లెక్క తప్పింది. దావీదు మొదట బట్టలు చింపుకుని సాయంత్రందాకా ఉపవాసముండి ఏడ్చాడు. తర్వాత వాడికి మరణశిక్ష వేశాడు. అంతటితో ఆగలేదు. తనను చంపబోయిన సౌలు మీద, అతని కొడుకు యోనాతాను మీద విలాపగీతం కట్టి, దాన్ని యూదావాళ్లందరికీ నేర్పించమన్నాడు. ఆ పాటలో సౌలు చేసిన అన్యాయం ఒక్కటీ లేదు. అబద్ధమూ లేదు. సౌలు పరాక్రమం నిజం, ఆడవాళ్లకు మంచి బట్టలు, నగలు అమరిన రోజులు నిజం. పాత నాయకుడి మంచిని జనం చేత పాడించాకే కొత్తవాడు కదిలాడు. అప్పుడు కూడా ఏ ఊరికి వెళ్లాలని దేవుణ్ణి అడిగాడు. హెబ్రోను అని జవాబొచ్చింది. హెబ్రోనులో యూదా గోత్రం వరకే రాజయ్యాక, సౌలు శవాన్ని ధైర్యంగా పాతిపెట్టిన యాబేష్గిలాదు వాళ్లకు మనుషులను పంపించి, మేలు చేశారని దీవించాడు. వాళ్లు సౌలు పక్షం వాళ్లు, తన పక్షం కాదు. నీ సార్ వెళ్లిపోతున్నారని కళ్లనీళ్లు పెట్టుకునే స్టూడెంట్లతో ఎలా మాట్లాడాలో నీకు ఇక్కడ దొరుకుతుంది.

రెండోది అబ్నేరు సంగతి. ఇది నాకు మింగుడుపడని ఘట్టం, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను. అబ్నేరు సౌలు సేనాధిపతి. సౌలు కొడుకు ఇష్బోషెతును మిగతా గోత్రాలకు రాజుగా నిలబెట్టింది అతనే. ఆ కొడుకుతో చెడి, ఇశ్రాయేలంతటినీ నీ వైపు తిప్పుతానని ఇరవైమందితో హెబ్రోనుకు వచ్చాడు. దావీదు విందు చేసి క్షేమంగా సాగనంపాడు. దావీదు సేనాపతి యోవాబు ఆ సమయానికి ఊళ్లో లేడు. తిరిగొచ్చి సంగతి విని, రాజుకు చెప్పకుండా మనుషుల్ని పంపి అబ్నేరును వెనక్కి పిలిపించాడు. ఊరి ద్వారం దగ్గర, రహస్యం మాట్లాడాలని పక్కకు తీసుకెళ్లి కడుపులో పొడిచాడు. తమ్ముడు అశాహేలును చంపినందుకు పగ అన్నాడు. తన పదవికి ఎసరొస్తుందన్న భయం కూడా ఉండుంటుందని నా అనుమానం. హెబ్రోను ఆశ్రయపురం, అల్లుడూ! ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడికి రక్షణ ఇవ్వాల్సిన ఊరి గుమ్మంలో జరిగిందది.

దావీదు ఏం చేశాడు? పాడె వెనక నడిచాడు. యోవాబును కూడా బట్టలు చింపుకుని పాడె ముందు ఏడుస్తూ నడవమన్నాడు. పొద్దుగూకేదాకా మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ చావు రాజు చేయించింది కాదని జనం అందరికీ ఆ రోజే తెలిసిపోయింది. ఇంతవరకూ బాగుంది. కానీ యోవాబును శిక్షించలేదు. సెరూయా కొడుకులైన ఈ యోవాబు వాళ్లు నా బలానికి మించినవాళ్లు, అభిషేకం పొందినా నేనింకా బలహీనుణ్ణే అని తన మనుషుల ముందు ఒప్పుకుని ఊరుకున్నాడు. మన పాస్టర్లు చాలామంది ఈ చోటు త్వరత్వరగా దాటేస్తారు. నువ్వు దాటకు. ఏళ్లు గడిచాక తన సైనికుడు ఊరియాను యుద్ధంలో ముందు నిలబెట్టి చావనివ్వమని దావీదు రహస్యంగా ఉత్తరం రాసింది ఎవరికనుకున్నావ్? ఈ యోవాబుకే. అడ్డదారి మనిషిని పక్కన ఉండనిస్తే, ఏదో ఒక రోజు మనకే అడ్డదారి పని పడుతుంది. అప్పుడు వాడు చేతికి అందేంత దూరంలోనే ఉంటాడు. రికార్డింగ్ పంపిన ఆ కుర్రాడి విషయంలో నా భయం అదే.

మూడో సంగతి పొట్టిది. రేకాబు, బయనా అనే ఇద్దరు, ఇష్బోషెతు మధ్యాహ్నం ఇంట్లో నిద్రపోతుంటే చంపి, తల పట్టుకుని రాత్రంతా నడిచి హెబ్రోనుకు వచ్చారు. యెహోవాయే నీ పగ తీర్చాడన్నారు. మనం చేసిన పాడుపనికి దేవుడి పేరు తగిలించడం అంత పాతదన్నమాట. దావీదు వాళ్లకు మరణశిక్ష వేసి, ఇష్బోషెతు తలను మర్యాదగా అబ్నేరు సమాధిలోనే పెట్టించాడు. ఆ శిక్షలు ఆ కాలానివి. నువ్వు ఆ కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీయించాలని నేను అనను.

ఆ తర్వాతే ఇశ్రాయేలు పెద్దలు తమంత తాము హెబ్రోనుకు వచ్చి నువ్వే మా కాపరివన్నారు. అప్పటికి అతను హెబ్రోనులో ఏడేళ్ల ఆరు నెలలు గడిపాడు. ఒక్క గోత్రంతో సరిపెట్టుకుని, రాజ్యమంతా తనదేనని తెలిసీ ఆగాడు. ఆగమంటే నీ తరానికి కోపమొస్తుందని తెలుసు. పోస్టర్ల మీద, రీల్స్‌లో "నువ్వే దావీదువి, సింహాసనం నీదే" అని అరిచేవాళ్లు ఎక్కువయ్యారు కూడా. నేను అలా చెప్పను. ప్రవక్త సమూయేలు నూనె పోసింది దావీదు తల మీద, నీ తల మీద కాదు. నిజాయితీగా ఉంటే ఆ సీటు నీకే వస్తుందని నేను మాటివ్వలేను. రాకపోవచ్చు కూడా.

మన హైదరాబాదులోనూ హెబ్రోను పేరుతో ఒక మందిరం ఉంది. ముషీరాబాద్ దగ్గర, గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో. చిన్నప్పుడు నిన్ను పరిశుద్ధ సమాజ కూడికలకు తీసుకెళ్లాను, వరుసల్లో కింద కూర్చుని భోంచేశావు. దాన్ని మొదలుపెట్టిన భక్తసింగ్ 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంగ్లండ్‌లో, కెనడాలో ఇంజనీరింగ్ చదివి 1933లో తిరిగొచ్చాడు. ఆ చదువుతో పెద్ద కొలువు చూసుకోవచ్చు, వీధుల్లో నిలబడి వాక్యం చెప్పడం ఎంచుకున్నాడు. తర్వాత తన వెనక దేశమంతటా సంఘాలు లేచినా, అందరి నోటా బ్రదర్ భక్తసింగ్‌గానే ఉండిపోయాడు. 2000 సెప్టెంబర్ 17న ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. నీకు ఆయనంతటి త్యాగం చెయ్యమని చెప్పడానికి ఇది రాయలేదు. పెద్ద బోర్డు లేకుండానే మనుషులు నమ్మి వెంట నడిచిన నాయకుణ్ణి మీ తాతల తరం కళ్లారా చూసిందని నీకు తెలియాలి, అంతే.

ఇక నీ ప్రశ్న. రికార్డు చేసింది నువ్వు కాదు, నిజమే. దావీదు కూడా ఆ మనుషుల్లో ఎవర్నీ పంపలేదు. అయినా వాళ్లు తెచ్చింది చేతిలో పెట్టుకుని ఊరుకునుంటే ఆ పని అతనిదే అయ్యేది. నీ ఫోన్లో ఉన్నంతసేపు ఆ రికార్డింగ్ నీదే.

రేపు ఆరాధన నుంచి రాగానే దాన్ని తీసెయ్. తీసేశానని, ఇలాంటివి ఇంకెప్పుడూ తేవద్దని ఆ కుర్రాడికి మెసేజ్‌లో కాదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు. తిట్టకు, ఒక చాయ్ ఇప్పించి చెప్పు. మేనేజ్‌మెంట్ బ్యాచ్‌లు ఇస్తామంటే తీసుకో, తప్పేం లేదు. మధ్యలో ఉన్న బ్యాచ్‌లు మాత్రం సార్‌నే పూర్తి చెయ్యనివ్వమని అడుగు. వాళ్లు ఒప్పుకోకపోయినా అడిగావన్నది ఉండాలి. అన్నిటికంటే ముందు, బోర్డు మారేలోపు సార్ ఇంటికి వెళ్లు. ఆయన కోపంగా ఉంటే కోపం విను, సంజాయిషీలు మొదలుపెట్టకు. వెళ్లొచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ మామయ్య