చట్టం అమ్ముడుపోయినచోట: ‘కాఫీ’ చలనచిత్రంలో ప్రతీకార నైతికత

ప్రవేశిక

తనకు జరిగిన అన్యాయానికి తానే తీర్పు చెప్పుకొనే హక్కు మనిషికి ఉన్నదా? రాజ్యం, న్యాయస్థానం ఉన్నచోట ఆ హక్కు లేదని సులభంగా చెప్పవచ్చు. ఆ రాజ్యమే నేరంలో వాటాదారు అయినప్పుడు సమాధానం అంత సులభం కాదు. 1973లో అమెరికాలో విడుదలైన ‘కాఫీ’ చలనచిత్రం ఈ చిక్కుప్రశ్నను ఒక నల్లజాతి స్త్రీ చేతికి తుపాకి ఇచ్చి అడిగింది. వినోదం కోసం తీసిన చవకబారు చిత్రమని దీనిని పక్కనపెట్టడం పరిపాటి. అయితే ఇందులోని సంఘటనల వరుసను గమనిస్తే, ప్రతీకారాన్ని సమర్థించే వాదం ఎక్కడ బలపడుతున్నదో, ఎక్కడ బీటవారుతున్నదో తెలుస్తుంది. ఆ రెండు చోట్లను గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

1971లో మెల్విన్ వాన్ పీబుల్స్, గోర్డన్ పార్క్స్ తీసిన చిత్రాల విజయంతో నల్లజాతి ప్రేక్షకులను ఉద్దేశించిన యాక్షన్ చిత్రాలు వరుసగా వెలువడ్డాయి. వీటికి ‘బ్లాక్స్‌ప్లాయిటేషన్’ అనే పేరు స్థిరపడింది. నలుపు, దోపిడి అనే అర్థాలు గల రెండు ఆంగ్లపదాల కలయిక ఇది. ఆ పేరులోనే నింద ఉన్నది. నల్లవారిని నేరస్థులుగా, మాదకద్రవ్యాల వర్తకులుగా చూపి లాభం గడిస్తున్నారని 1972లో పౌరహక్కుల సంఘాలు కూటమిగా ఏర్పడి నిరసించాయి.

‘కాఫీ’ రచయిత, దర్శకుడు జాక్ హిల్ శ్వేతజాతీయుడు. నాయిక పాత్రధారిణి పామ్ గ్రియర్. అదే సంవత్సరం వచ్చిన ‘క్లియోపాత్రా జోన్స్’ నాయిక ప్రభుత్వం నియమించిన ప్రత్యేక అధికారిణి కనుక చట్టం ఆమె పక్షాన ఉన్నది. కాఫీ ఆస్పత్రిలో పనిచేసే నర్సు. ఆమెకు ఏ అధికారమూ లేదు. అందువల్లనే నైతిక ప్రశ్న ఆమె కథలో తీవ్రతరమవుతుంది.

తీర్పు ముందు, సాక్ష్యం తరువాత

కాఫీ చెల్లెలు పసితనంలోనే హెరాయిన్‌కు బానిసై చికిత్సాలయం పాలవుతుంది. చిత్రం ప్రారంభంలోనే కాఫీ మత్తుమందుకు అలవాటుపడినదానిలా నటించి, ఒక వర్తకుణ్ణి తుపాకితో కాల్చి చంపుతుంది. అతని అనుచరుడికి ప్రాణాంతకమైన మోతాదులో అదే మందును ఎక్కిస్తుంది. ఆ తరువాత విధులకు హాజరై శస్త్రచికిత్సలో సహాయపడబోతుంది. ప్రాణం నిలిపే చేతులే ప్రాణం తీసిన ఈ వైరుద్ధ్యాన్ని చిత్రం దాచదు.

ఆమె మిత్రుడు కార్టర్ నిజాయితీ గల పోలీసు. ఒక చిల్లర వర్తకుణ్ణి చంపినంత మాత్రాన ప్రయోజనం లేదని, అతడు సుదూరం సాగే గొలుసులో ఒక కొక్కెం మాత్రమేనని కార్టర్ వాదన. అవినీతికి లొంగనందుకు కార్టర్‌ను దుండగులు మెదడు దెబ్బతినేలా కొడతారు. కాఫీ ప్రియుడు హోవర్డ్ నగరపాలక సభ్యుడు. వేదికపై మత్తుమందులను ఖండించే ఆ నాయకుడే వాటి వ్యాపారులతో చేతులు కలిపినవాడని చివరికి తేలుతుంది. ఇది కేవలం కల్పనాసృష్టి కాదు. న్యూయార్క్ పోలీసుశాఖలో లోతుగా పాతుకుపోయిన లంచగొండితనాన్ని 1972లో నాప్ కమిషన్ నివేదిక బయటపెట్టింది.

ఇక్కడ గమనించవలసినది క్రమం. చట్టం అమ్ముడుపోయిందనే సాక్ష్యం ప్రేక్షకుడికి అందేసరికే కాఫీ ఇద్దరిని చంపింది. తీర్పు ముందు వచ్చింది, సాక్ష్యం తరువాత వచ్చింది. తదుపరి హత్యలకు దొరికే సమర్థనను ప్రేక్షకుడు తొలి హత్యలకు కూడా వర్తింపజేసుకుంటాడు. నైతికంగా అది చెల్లదు.

లాక్ వాదం, తిక్కన కథనం

పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ దృష్టిలో, రాజ్యం ఏర్పడకముందు నేరస్థుణ్ణి శిక్షించే అధికారం ప్రతి మనిషికీ ఉంటుంది. అయితే తన వివాదంలో తానే న్యాయమూర్తి అయినవాడు పక్షపాతం నుంచి తప్పించుకోలేడు. అందుకే ఆ అధికారాన్ని మనుషులు ఉమ్మడిగా రాజ్యానికి అప్పగించారు. రాజ్యం ఆ నమ్మకాన్ని వమ్ముచేస్తే అధికారం తిరిగి ప్రజలకే చేరుతుందన్నది లాక్ వాదం. ఈ లెక్కన కాఫీకి కొంత సమర్థన ఉన్నది. అయితే అధికారం తిరిగివచ్చినప్పుడు పక్షపాతమనే పాత దోషం కూడా దానితోపాటే వస్తుంది.

తెలుగు పాఠకుడికి ఈ సందర్భంలో తిక్కన విరాటపర్వం స్ఫురించక మానదు. కీచకుడు నిండుసభలో అవమానించినప్పుడు ద్రౌపది ముందుగా ఆ సభనే న్యాయం అడుగుతుంది. బావమరిది బలానికి జంకిన విరాటుడు న్యాయం చేయడు. ఆ తరువాతనే ఆమె రాత్రివేళ వంటశాలలోని భీముణ్ణి ఆశ్రయిస్తుంది. ద్రౌపది సభ తలుపు తట్టి చూసింది. కాఫీ తట్టలేదు. అయితే ద్రౌపదికి భీముడున్నాడు, కాఫీకి ఎవరూ లేరు. ఉన్న ఒక్క కార్టర్ మంచాన పడ్డాడు. తలుపు తట్టకపోవడం ఆమె దోషమే. తలుపు తెరుచుకుంటుందనే నమ్మకం ఆమె జాతికి ఎన్నడూ కలగకపోవడం మాత్రం ఆమె దోషం కాదు.

చివరి తూటా

ముగింపు సన్నివేశం ఈ ప్రశ్నను మరింత జటిలం చేస్తుంది. తుపాకి ఎదుట నిలిచిన హోవర్డ్ తీయని మాటలతో తనను సమర్థించుకుంటాడు. కాఫీ తడబడుతుంది. ఆ క్షణంలో అతని ఇంట్లోనుంచి ఒక శ్వేతజాతి స్త్రీ బయటికి వస్తుంది. అప్పుడు తూటా పేలుతుంది. ఆ తూటా చెల్లెలి పక్షాన పేలినదా, మోసపోయిన ప్రేయసి పక్షాన పేలినదా? చిత్రం విడదీసి చెప్పదు, విడదీయడం సాధ్యమూ కాదు. లాక్ శంకించిన పక్షపాతం ఇదే.

కాఫీ శరీరాన్ని చిత్రం పదేపదే ప్రదర్శనకు పెట్టడం కూడా ఇందులో భాగమే. శత్రువును వలలో వేయడానికి ఆమె వాడే ఆయుధమే టిక్కెట్ల అమ్మకానికి నిర్మాతలు వాడిన సరుకు. దోపిడిని ఎదిరించిన స్త్రీ కథ మరొక దోపిడి మీద నిలబడింది. అయినా, రక్షణ కోసం ఎదురుచూడని నల్లజాతి స్త్రీని కథకు కేంద్రంగా నిలపడం ఆనాటి అమెరికన్ తెరపై అరుదైన విషయమని అంగీకరించాలి.

ముగింపు

చివర కాఫీ సముద్రతీరంలో ఒంటరిగా నడిచిపోతుంది. చెల్లెలు కోలుకున్నట్టు చిత్రం చూపదు, కార్టర్ లేచి నిలబడడు, గొలుసు తెగిందన్న హామీ లేదు. చట్టం లేకపోవడం ఆమె చర్యకు కారణాన్ని చెబుతుందే కాని, ఆమెను నిర్దోషిగా ప్రకటించదు. అదే సమయంలో, ఆమెను దోషి అని తేల్చే అర్హత న్యాయాన్ని అమ్ముకున్న వ్యవస్థకు లేదు. ప్రతీకారం తప్పా, ఒప్పా అనే ప్రశ్నకంటె ముందు, ఆ ప్రతీకారాన్ని ఏకైక మార్గంగా మిగిల్చినవారు ఎవరన్న ప్రశ్న అడగాలి. ఆ రెండవ ప్రశ్న తేలనంతవరకు మొదటి ప్రశ్నకు చెప్పే సమాధానం ఏదైనా సగమే అవుతుంది.