ముదురు

సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్‌లో, అమ్మమ్మ వాళ్ళింటి అరుగు మీద, పన్నెండేళ్ళ వయసులో ఈ మాట మొదటిసారి నా మీద పడింది. దగ్గరి చుట్టం ఒకాయన చెయ్యి ఎక్కడెక్కడికి వస్తోందో పెద్దమ్మతో చెప్పాను. బెండకాయలు లేతవీ ముదురువీ వేరుచేస్తున్న ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గివన్ని నీకెట్ల తెలుసే? పోరి ముదిరింది" అంది. ఆయన గురించి ఒక్క మాట లేదు. తప్పంతా నాకు తెలియడంలోనే ఉందనుకున్నాను. చాలా ఏళ్ళు ఇంకెవరికీ చెప్పలేదు.

అమాయకత్వం అంటే మాయ లేకపోవడం. ఆ లెక్కన అది పోయిన పిల్ల మాయ నేర్చినట్టే! అలంకారశాస్త్రం చదువుతున్నప్పుడూ ఇదే ఎదురైంది. స్వీయ నాయికను ముగ్ధ, మధ్య, ప్రౌఢ అన్నారు. 'ముగ్ధ' అంటే మొదట ఏమీ తోచనిదని అర్థం. ఆ తోచనితనమే అందమైంది. నాయకుణ్ణి స్వభావాన్నిబట్టి, నడవడినిబట్టి విభజించారు గానీ తెలియనితనాన్నిబట్టి కాదు. ఇప్పటికీ మగపిల్లాణ్ణి "ముదురు" అంటే సగం మెచ్చుకోలు. ఆడపిల్లకి అది తీర్పు.

ఈ తీర్పు అరుగుల దగ్గరే ఆగలేదు. 1978లో హైదరాబాదులో రమీజాబీపై పోలీసులు అత్యాచారం చేశారు. భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ళ దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమంది. వాళ్ళు మాత్రం ఆమెను వేశ్యగా చూపించడానికే పూనుకున్నారు. 1981లో రాయచూరు కోర్టులో కేసు కొట్టేశారు. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ 'శీలం' మంచిది కాదని చూపే వీలు సాక్ష్య చట్టం 155(4)లో 2003 దాకా ఉంది. పెద్దమ్మ మాటకూ ఆ సెక్షన్‌కూ ఎంత దూరం? తెలిసినదాని మాట నమ్మనక్కర్లేదనే కదా రెండూ చెప్పింది!

పిల్లల అమాయకత్వాన్ని కాపాడాలంటాం. తెలియనితనం ఏ పిల్లనూ కాపాడలేదు. జరిగినదానికి పేరు పెట్టలేని పిల్ల వల్ల లాభపడేది చేసినవాడే.

లేత, ముదురు అనేవి తినేవాళ్ళ లెక్కలు. విత్తనానికి మాత్రం ముదిరే కాయనే చెట్టున వదిలేస్తారు. ఆ సంగతి పెద్దమ్మకు నాకంటే బాగా తెలుసు. ఆమెకూ ఒకప్పుడు పన్నెండేళ్ళే. అప్పుడు ఆమెకేం తెలిసిందో, ఎవరు ఏ మాటతో నోరు మూయించారో, ఆమె బతికుండగా నేనూ అడగలేదు.