సంతకం ఖరీదు

పని చేసినందుకు జీతమిచ్చే ఉద్యోగాలే మనకు తెలుసు. పని ఆపించినందుకు జీతమిచ్చే ఉద్యోగం కూడా ఒకటుందండీ. సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం. పరంజా గట్టిగా కట్టలేదు, ఎవరూ ఎక్కొద్దు అనాలి. ట్యాంకులోకి మనిషి దిగేముందు మీటరు పెట్టి లోపలి గాలి చూడాలి. మామూలు గాలిలో నూటికి సుమారు ఇరవై ఒక్క పాళ్ళు ఆక్సిజన్ ఉంటుంది. అది 19.5 కన్నా తగ్గితే దిగడానికి వీల్లేదనాలి. అన్నీ సరిగ్గా ఉంటే పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని నమ్ముకుని ఒకడు లోపలికి దిగుతాడు. వాడికి మీటరు చూడ్డం రాదు. సంతకం చేసినవాడి మొహం కూడా సరిగ్గా తెలియకపోవచ్చు.

ఆ మాటకొస్తే ఈ పని మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. పక్క మీద వాలాక గ్యాసు రెగ్యులేటర్ కట్టామో లేదోనని మళ్ళీ లేచి వంటింట్లోకి వెళ్ళే ఇల్లాలు సర్టిఫికెట్టు లేని సేఫ్టీ ఆఫీసరే. జీతం లేకపోగా "నీకన్నీ అనుమానాలే" అన్న బిరుదొకటి. అక్కడ ఆ ఆఫీసరుకి దక్కే బిరుదు కూడా అదేనట!

ఈ చదువుకి ఇప్పుడు మంచి గిరాకీ. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ 'ఫైర్ అండ్ సేఫ్టీ' బోర్డులు చూసే ఉంటారు. ఆ డిప్లొమా మీద నెబోష్ వాళ్ళ ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ కూడా సంపాదిస్తే గల్ఫ్ దేశాల్లో విలువ ఎక్కువ. నెబోష్ అంటే 1979లో బ్రిటన్‌లో మొదలైన పరీక్షల సంస్థ. పిల్లలు కష్టపడే చదువుతున్నారు. కాదనను.

చిక్కల్లా ఆ తర్వాత. గల్ఫ్ ఉద్యోగ ప్రకటనల్లో సర్టిఫికెట్టు పక్కనే రెండేళ్ళో మూడేళ్ళో అనుభవం కావాలని రాసి ఉంటుంది. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది? పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్న సామెత వీళ్ళ కోసమే పుట్టిందేమో. ఆ సందులోంచే మధ్యవర్తి లోపలికొస్తాడు.

మా పక్క వాటా ఆవిడ కొడుక్కి అలాగే వచ్చాడు. రెండేళ్ళు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో చేసినట్టు కాగితం ఇప్పిస్తాట్ట. లెటర్‌హెడ్డు, రబ్బరు ముద్ర, ఎవరో మేనేజరుగారి సంతకం, అన్నీ తయారు. ఇరవై వేలు. వీసా ఖర్చులు వేరే. ఆవిడ మెళ్ళో గొలుసు తాకట్టు పెడదామా అన్నంతవరకు వచ్చి, నా దగ్గరికొచ్చి కూచుంది.

"ఇది పాపమంటారా అండీ? అందరూ అదే చేస్తున్నారుట. పరీక్ష మావాడు నిజంగానే ప్యాసయ్యాడు కదా. దొంగతనమేం కాదు కదా?"

ఛీ, అబద్ధం అని చప్పున కొట్టిపారెయ్యడం నా వల్ల కాలేదు. ఆవిడ భర్త రిటైరై రెండేళ్ళయింది. ఆడపిల్ల పెళ్ళికుంది. కడుపు నిండినవాళ్ళు చెప్పే నీతి వినడానికి బాగానే ఉంటుంది. పైగా మన పెద్దవాళ్ళే కొన్ని అబద్ధాలకి సెలవిచ్చారాయె. భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిన జాబితా గుర్తుందా? ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళి మాటల్లో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు, గోవునీ బ్రాహ్మణ్ణీ కాపాడేటప్పుడు బొంకితే తప్పులేదన్నాడు. బలి వినలేదు, అది వేరే కథ. కానీ శుక్రాచార్యుడి లెక్క కూడా నాకు పూర్తిగా తోసిపుచ్చేదిగా కనిపించదు. ప్రాణం నిలబెట్టడానికి అబద్ధమాడొచ్చన్నాడాయన. ఈ కాగితం వ్యవహారం సరిగ్గా దానికి తలకిందులు. ఇక్కడ అబద్ధం మీద నిలబడబోయేది ఇంకొకడి ప్రాణం.

దర్జీ అనుభవం గురించి అబద్ధం చెప్పాడనుకోండి, ఒక జాకెట్టు పాడవుతుంది, నాలుగు తిట్టి ఊరుకుంటాం. ట్యాంకులోకి దిగేవాడి సంగతి అలా కాదు. వాడు కూడా ఏ జగిత్యాల నుంచో, ఏ రాయచోటి నుంచో అప్పు చేసి వెళ్ళినవాడే అయ్యుండొచ్చు. వాడికీ ఊళ్ళో అమ్మ ఉంటుంది.

నన్ను ఎక్కువ కలతపెట్టేది పని రాకపోవడం కూడా కాదు. తెలివైన కుర్రాడు, ఆరునెలల్లో నేర్చుకుంటాడేమో. కానీ ఈ ఉద్యోగానికి ఉన్న ఒకే ఒక్క పనిముట్టు 'వద్దు' అన్న మాట. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. పన్నెండున్నరైంది. ఇంకో అరగంటైతే ఈ శ్లాబు పని అయిపోతుంది, చూసీచూడనట్టు ఊరుకో అంటాడు పైవాడు. అప్పుడు మన కుర్రాడు ఏమంటాడు? ఎక్కువ మాట్లాడితే నీ పాత కంపెనీకి ఒక ఫోను చేసి కనుక్కుంటానంటే చాలు, ఇంక వాడి నోరు లేవదు. దొంగ కాగితంతో వెళ్ళినవాడు వెళ్ళేముందే 'వద్దు'ని ఇక్కడ తాకట్టు పెట్టి వెళ్ళినట్టే. గొలుసైతే విడిపించుకోవచ్చు.

ఇంత చేసి ఆ కాగితం అక్కడ నిలుస్తుందన్న పూచీ కూడా లేదు. పెద్ద చమురు కంపెనీలు కొన్ని, కాంట్రాక్టరు తెచ్చుకున్న సేఫ్టీ ఆఫీసర్ని తామే కూచోబెట్టి ప్రశ్నలు వేసి గాని ఒప్పుకోవు. అప్పుడు తిరుగు విమానం, మిగిలిన అప్పు. నిలిచినా వీసా ఒకళ్ళ చేతిలో, గది వాళ్ళదే. ఖతర్ 2020లో, పాత యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారొచ్చని చట్టం మార్చింది. సౌదీ 2021లో కొంత సడలించింది. మంచిదే. అయినా ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతుంటే ఉద్యోగం మారడానికి కూడా గుండె ధైర్యం కావాలి.

మరి కుర్రాడేం చెయ్యాలి, ఇంట్లో కూచోవాలా అంటారు. ఇక్కడ పని లేకనా? 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో నలభై మందికి పైగా. 1948 నాటి చట్టం కింద మామూలు ఫ్యాక్టరీలో వెయ్యిమంది పనివాళ్ళుంటే గాని సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి కాదు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్ దాన్ని 500కి, ప్రమాదకరమైన పనులుండే చోట 250కి తగ్గించింది. ఇక్కడ జీతం తక్కువ, ఏమాటకామాటే చెప్పుకోవాలి. అసిస్టెంటుగా చేరితే మరీ తక్కువ. కానీ రెండేళ్ళు గడిస్తే వాడి చేతిలో నిజం కాగితం ఉంటుంది. మన దేశపు పెద్ద కాంట్రాక్టు కంపెనీలకే గల్ఫ్‌లో పనులున్నాయి, అలా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

ఏజెంటు సంగతి కూడా ఆవిడకి చెప్పాను. కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్‌టీ, అంతకుమించి తీసుకోకూడదు. రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పదో తరగతి ప్యాసైనవాళ్ళకి గల్ఫ్ వెళ్ళడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది సౌకర్యమే, కానీ వాళ్ళ కాగితాలు చూసే ఒక ఆఫీసు తగ్గినట్టు కూడా. చదువుకున్నవాడు తానే చూసుకోగలడని సర్కారు నమ్మకం.

ఇదంతా శ్రద్ధగా వింది. విని, నేను ఊహించని చోట పట్టుకుంది.

"నిజం కాగితంతోనే వెళ్ళాడనుకోండి. అప్పుడు మాత్రం వద్దనగలడంటారా?"

పెళ్ళిచూపుల్లో మనం పిల్లల గురించి ఏమని చెప్పుకుంటాం? మావాడి నోట్లో వేలు పెట్టినా కొరకలేడండీ, పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పి ఎరగడండీ అని. ఇరవై ఏళ్ళు అలా పెంచినవాణ్ణి విమానమెక్కించి, భాష రాని దేశంలో, వీసా గుప్పిట్లో పెట్టుకున్న మేనేజరు ముందు నిలబడి పని ఆపమని చెప్పమంటున్నాం.

ఆవిడ గొలుసు కొసని వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూచుంది.

"వాడెప్పుడైనా నాకు ఎదురు చెప్పాడా అని ఆలోచిస్తున్నానండీ," అంది.